పన్ను రాయితీ ఎవరి సొమ్ము?

మన ఊరికి ఓ పెద్ద కంపెనీ వస్తోందని కబురొచ్చిందనుకోండి. వినగానే మనసు ఇంట్లో పిల్లల మీదికి పోతుంది. అబ్బాయికి బెంగళూరు బస్సెక్కే పని తప్పుతుందేమో. పాలిటెక్నిక్ చదివిన అమ్మాయికి ఇంటి దగ్గరే ఉద్యోగం దొరుకుతుందేమో. ఇది న్యాయమైన ఆశ. చిన్న ఊళ్లలో ప్రతి తల్లికీ తండ్రికీ ఉండే ఆశ.

ఆ వార్త చివర మరో మాట ఉంటుంది. కంపెనీకి రాయితీలు ఇస్తున్నారని. భూమి తక్కువ ధరకని, పన్ను కొన్నేళ్లు ఉండదని, కరెంటు చార్జీ తగ్గిస్తారని. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మనం పేపరు మడిచి పక్కన పెట్టేస్తాం. పెద్దవాళ్ల వ్యవహారం, మనకెందుకులే అనుకుంటాం. ఈ పూట ఆ మాట దగ్గరే కాసేపు ఆగుదాం. ఎందుకంటే ఆ రాయితీ మనకు రావలసిన సొమ్ములోంచే పోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముందే చెప్పేస్తాను, మధ్యమధ్యలో గుర్తుచేస్తాను. పన్ను రాయితీ ఊరి సొమ్ము. ఇవ్వచ్చు, తప్పులేదు. కానీ ఎంత ఇస్తున్నామో, దేనికి ఇస్తున్నామో, ఎప్పటిదాకా ఇస్తున్నామో, అవతలివారు మాట తప్పితే ఏం చేస్తామో రాసుకోవాలి. రాసుకున్నది ఊరందరికీ చూపించాలి. అప్పుడు ఇవ్వాలి.

అసలు ఈ రాయితీలు ఎవరిస్తారు? మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. కంపెనీ కట్టిన జీఎస్టీలో రాష్ట్రం వాటాను కొన్నేళ్లపాటు తిరిగి ఇస్తుంది. భూమి రిజిస్ట్రేషనప్పుడు కట్టిన స్టాంపు డ్యూటీ వెనక్కి ఇస్తుంది. కరెంటు బిల్లులో కొంత తగ్గిస్తుంది. భూమిని బజారు ధర కంటే తక్కువకు ఇస్తుంది. 2025లో విశాఖపట్నంలో టీసీఎస్‌కు 99 పైసలకే భూమి కేటాయించిన సంగతి మీరు వినే ఉంటారు.

మరి మన మునిసిపాలిటీ చేతిలో, మన పంచాయతీ చేతిలో ఏముంది? ముఖ్యంగా ఆస్తి పన్ను. మనం ఇంటి పన్ను అంటామే, అది. వీధి దీపం వెలగాలన్నా, మురుగుకాలువ పూడిక తీయాలన్నా, పొద్దున్నే చెత్త బండి రావాలన్నా ఆ పన్నే ఆధారం. రాజ్యాంగానికి 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. దానితో పట్టణాల బాధ్యతలు పెరిగాయి. సొంత రాబడి ఆ మేరకు పెరగలేదు. అందుకే ఒక ఫ్యాక్టరీ కట్టే ఆస్తి పన్ను చిన్న ఊరికి చాలా పెద్ద అండ.

పారిశ్రామికవాడల్లో ఇంకో సంగతి ఉంది. అక్కడ చాలాచోట్ల పన్ను వసూలు చేసేది పంచాయతీ కాదు. ఐలా అనే సంస్థ వసూలు చేస్తుంది. వసూలైనదాంట్లో కొంత వాటా పంచాయతీకో మునిసిపాలిటీకో ఇవ్వాలి. ఫ్యాక్టరీ లారీలు తిరిగేది మాత్రం ఊరి రోడ్డు మీదే. పనివాళ్లు అద్దెకుండేది ఊళ్లోనే. వాళ్లకు మంచినీళ్లు ఇవ్వాల్సింది ఊరే. ఆ వాటా సకాలంలో వస్తోందా అని అడిగే హక్కు ఊరికి ఉంది. ఎంతమంది సర్పంచులు అడుగుతున్నారో మీ మీ ఊళ్లలో మీరే చూడండి.

ఇంతకీ రాయితీ ఇవ్వడం మంచిదా, చెడ్డదా? బీడు భూమి ఉన్న రైతు ఏం చేస్తాడు? దాన్ని దున్ని సాగులోకి తెస్తానన్నవాడికి మొదటి రెండేళ్లు కౌలు వద్దంటాడు. మూడో ఏట నుంచి ఇంత ఇవ్వాలని ముందే మాట తీసుకుంటాడు. దున్నకుండా వదిలేస్తే భూమి వెనక్కి తీసుకుంటాడు. రాయితీలో ఉండాల్సిన ధర్మం అంతా ఇందులోనే ఉంది. కారణం ఉంది, గడువు ఉంది, షరతు ఉంది. ఈ మూడూ ఉంటే రాయితీ మంచిదే. ఈ మూడిట్లో ఏది లేకపోయినా ఊరు నష్టపోతుంది.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను. అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ మిషిగన్ సరస్సుకు దగ్గర్లో మౌంట్ ప్లెజెంట్ అనే ఊరు. జనాభా 27 వేల పైచిలుకు. మన లెక్కన చిన్న మునిసిపాలిటీ. చుట్టూ పొలాలు, మధ్యలో ఇళ్లు.

2017 జూలైలో ఒక పెద్ద ప్రకటన వచ్చింది. తైవాన్‌కు చెందిన ఫాక్స్‌కాన్ కంపెనీ విస్కాన్సిన్‌లో టీవీ తెరల ఫ్యాక్టరీ కడుతుందని. వెయ్యి కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. 13 వేల ఉద్యోగాలన్నారు. ఈ ప్రకటన ఎక్కడ చేశారో తెలుసా? సాక్షాత్తూ వైట్ హౌస్‌లో, దేశాధ్యక్షుడి సమక్షంలో. కొద్ది నెలలకే మౌంట్ ప్లెజెంట్‌ను ఫ్యాక్టరీ స్థలంగా ఎంచుకున్నారు.

దీనికోసం రాష్ట్రం ఇవ్వజూపిన రాయితీ ఎంత? దాదాపు 300 కోట్ల డాలర్లు. 13 వేల ఉద్యోగాలకు పంచి చూడండి. ఒక్కో ఉద్యోగానికి రెండు లక్షల డాలర్ల పైనే పడుతుంది. విస్కాన్సిన్‌లో వస్తువులు తయారుచేసే కంపెనీలకు రాష్ట్ర ఆదాయ పన్ను అప్పటికే దాదాపు లేదు. అంటే ఈ రాయితీలో ఎక్కువ భాగం పన్ను తగ్గింపుగా ఉండదు. ఖజానాలోంచి నేరుగా చెక్కు రాసి ఇవ్వడమే అవుతుంది. ఆ రాష్ట్ర శాసనసభ ఆర్థిక కార్యాలయం లెక్క వేసింది. అన్నీ అనుకున్నట్టు జరిగినా, ఇచ్చిన డబ్బు రాష్ట్రానికి తిరిగి వచ్చేసరికి 25 ఏళ్లు పడుతుందని తేల్చింది.

అది రాష్ట్రం సంగతి. ఊరు ఏం చేసింది? మౌంట్ ప్లెజెంట్, దాని జిల్లా యంత్రాంగం కలిసి 76 కోట్ల డాలర్లకు పైగా బాధ్యత నెత్తికెత్తుకున్నాయి. భూములు కొనాలి, రోడ్లు వెడల్పు చెయ్యాలి, సరస్సు నీళ్లు పైపుల్లో తేవాలి. దీనికి అప్పు చేశారు. ఆ అప్పు ఎలా తీరుతుంది? ఫ్యాక్టరీ కడితే ఆ భూమి విలువ పెరుగుతుంది, దాని మీద ఆస్తి పన్ను పెరుగుతుంది, పెరిగిన పన్నుతో అప్పు తీరుస్తామని లెక్క. ఈ పద్ధతి అమెరికాలో చాలా ఊళ్లు పాటిస్తాయి. మళ్లీ చెబుతాను, ఇది ముఖ్యం. రేపు వచ్చే పన్నును చూపించి ఈరోజు అప్పు తేవడం. రేపు ఫ్యాక్టరీ వస్తే సరే. రాకపోతే?

ఆ స్థలంలో కాపురాలుండేవి. కొందరు ఇష్టపడి అమ్ముకున్నారు. కొందరు వేరే దారి లేక వెళ్లిపోయారు. 2018 జూన్‌లో భూమిపూజ చేశారు. దేశాధ్యక్షుడే వచ్చి, ఇది ప్రపంచంలో ఎనిమిదో వింత కాబోతోందని పొగిడారు.

ఆ వింత రాలేదు. మొదట చెప్పినంత పెద్ద తెరలు కాదన్నారు, చిన్నవి చేస్తామన్నారు. ఆ తర్వాత, అమెరికాలో టీవీ తెరలు తయారుచేస్తే ధరలో పోటీ పడలేమని కంపెనీ పెద్దలే చెప్పారు. కొన్ని భవనాలు లేచాయి. 2021 ఏప్రిల్‌లో ఒప్పందం తిరగరాశారు. 13 వేల ఉద్యోగాలు 1,454 అయ్యాయి. వెయ్యి కోట్ల డాలర్లు 67 కోట్లకు దిగాయి. రాష్ట్రం ఇస్తానన్న రాయితీ కూడా 8 కోట్ల డాలర్లకు తగ్గింది.

ఆ ఊరు దివాలా తీసిందా? తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో జాగ్రత్తగా వినండి. ఒప్పందాల్లో ఉన్న రెండు షరతులు రాష్ట్రాన్నీ ఊరినీ కాపాడాయి.

మొదటిది రాష్ట్రం రాసుకున్న షరతు. ముందు ఉద్యోగాలు ఇవ్వు, తర్వాత రాయితీ తీసుకో. 2019కి కనీసం 520 మందిని పెట్టుకోవాలి. లెక్క తీస్తే అర్హత ఉన్న ఉద్యోగులు 281 మందే తేలారు. పైగా కడతానన్న ఫ్యాక్టరీ కట్టలేదు. దాంతో 2020లో రాష్ట్ర సంస్థ ఆ రాయితీ ఇవ్వడం కుదరదని చెప్పేసింది.

రెండోది ఊరు రాసుకున్న షరతు. ఇది ఇంకా విలువైనది. ఫ్యాక్టరీ ఎంత కట్టినా, అసలు కట్టకపోయినా, 2023 నుంచి ఆ ఆస్తి విలువ కనీసం 140 కోట్ల డాలర్లు ఉన్నట్టే లెక్కగట్టి పన్ను కట్టాలని. కంపెనీ సంతకం పెట్టింది. ఊరు చేసిన అప్పుకు ఆ వాక్యమే అడ్డుగోడ అయింది.

మన ఊళ్లలో ఎన్ని ఒప్పందాల్లో ఇలాంటి షరతులు ఉంటున్నాయి? ముందు ఉద్యోగం, తర్వాత రాయితీ. కట్టినా కట్టకపోయినా కనీస పన్ను. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన వైపు వద్దాం. ఫాక్స్‌కాన్ పేరు మనకు కొత్తకాదు. తిరుపతి జిల్లాలో తడకు దగ్గర శ్రీసిటీ ఉంది. సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల ఊళ్లను ఆనుకుని ఉంటుంది. అక్కడ ఇదే ఫాక్స్‌కాన్ 2015లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. షావోమీ ఫోన్లు అక్కడి నుంచే వచ్చాయి. వేల మంది పనిలో చేరారు. అందులో ఎక్కువమంది చుట్టుపక్కల జిల్లాల యువతులు. తెల్లవారుజామున యూనిఫాం వేసుకుని కంపెనీ బస్సు కోసం నిలబడే ఆడపిల్లలు ఆ ప్రాంతంలో మామూలు దృశ్యమైపోయారు. ఇంట్లో మొదటిసారి నెల జీతం తెచ్చింది కూతురే అయిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. తర్వాత 2023లో హైదరాబాద్ పక్కన కొంగరకలాన్‌లో కూడా అదే కంపెనీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది.

కంపెనీ ఒక్కటే. ఒక ఊళ్లో మాట నిలబడలేదు. ఇంకో ఊళ్లో నిలబడింది. తేడా ఎక్కడుంది?

రాయితీలు శ్రీసిటీలోనూ ఉన్నాయి. అందులో కొంత భాగం ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడి నుంచి ఎగుమతి చేసే యూనిట్లకు ఆదాయ పన్ను మినహాయింపులు ఇచ్చారు. కానీ రాయితీ కంటే ముందు అక్కడ ఇంకేమేం ఉన్నాయో చూడండి. చెన్నై రేవు దగ్గర. ఎన్నూరు, కృష్ణపట్నం రేవులూ అందుబాటులో ఉన్నాయి. పక్కనే జాతీయ రహదారి. కరెంటు, నీళ్లు, లోపలి రోడ్లు ముందే సిద్ధం. పని నేర్చుకోవడానికి ముందుకొచ్చే యువత ఉంది. అన్నిటికంటే ముఖ్యం, కొనేవాళ్లు ఉన్నారు. మన దేశంలో ఫోన్ల గిరాకీ పెరుగుతోంది. బయటినుంచి తెచ్చిన ఫోను కంటే ఇక్కడ తయారైన ఫోనుకు పన్ను తక్కువ పడేలా కేంద్రం అప్పుడే ఏర్పాటు చేసింది. అంటే వ్యాపారానికి ఇక్కడికి రావడానికి సొంత కారణం ఉంది. విస్కాన్సిన్‌లో అంత డబ్బు ఇస్తామన్నా ఆ సొంత కారణం లేదు.

సరిహద్దుకు అవతల తమిళనాడులో శ్రీపెరుంబుదూరును కూడా గుర్తుచేసుకోవాలి. అక్కడ నోకియా ఫ్యాక్టరీకి ఎన్నో రాయితీలు ఇచ్చారు. వేల మంది పనిచేశారు. నోకియా ఫోన్లకు గిరాకీ పోయింది, పన్ను తగాదా వచ్చింది, 2014 నవంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. రాయితీ కంపెనీని కొన్నాళ్లు ఆకర్షించగలదు. కొనేవాళ్లు లేనప్పుడు దాన్ని పట్టి ఉంచలేదు.

దీని మీద పరిశోధన కూడా జరిగింది. అమెరికాలో టిమోతీ బార్టిక్ అనే ఆర్థికవేత్త దశాబ్దాలుగా ఇదే విషయం మీద పనిచేస్తున్నారు. అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి 2018లో ఒక మాట చెప్పారు. రాయితీ తీసుకున్న వంద కంపెనీల్లో, కేవలం ఆ రాయితీ వల్లే ఆ ఊరికి వచ్చినవి రెండు నుంచి పాతిక మధ్య ఉంటాయట. అంటే తక్కువలో తక్కువ 75 కంపెనీలు రాయితీ లేకపోయినా అక్కడికే వచ్చేవి. మరోసారి వినండి. వందలో 75. ఎలాగూ వచ్చేవాళ్ల కోసం ఊరు తన పన్ను వదులుకుంటోంది. అది అమెరికా లెక్కే కావచ్చు. మనం వేసుకోవాల్సిన ప్రశ్న మాత్రం అదే. ఈ కంపెనీ రాయితీ కోసం వస్తోందా, మన నీళ్లు, మన రోడ్డు, మన పిల్లల చదువు చూసి వస్తోందా?

మరి వ్యాపారిని పిలవడానికి మంచి పద్ధతి ఏమిటి? మన నేల మీదే ఒక పాఠం ఉంది. దాదాపు 780 ఏళ్ల కిందటి పాఠం.

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో సముద్రం ఒడ్డున మోటుపల్లి అనే ఊరుంది. ఈనాడు చిన్న పల్లె. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. విదేశీ నావలు వచ్చేవి. మార్కో పోలో కూడా ఈ రేవు గురించి, ఇక్కడి వజ్రాల గురించి, సన్నని నూలు బట్టల గురించి రాశాడు. అయితే ఆ రోజుల్లో సముద్ర వర్తకులకు ఒక భయం ఉండేది. తుఫానులో ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా అక్కడి రాజు స్వాధీనం చేసుకునేవాడు. బంగారం, గుర్రాలు, ఏనుగులు, ఏదైనా సరే.

కాకతి గణపతిదేవుడు ఆ పద్ధతి ఆపేశాడు. మోటుపల్లిలో శాసనం వేయించాడు. దాని కాలం క్రీస్తుశకం 1244. దాన్ని అభయ శాసనం అంటారు. ఓడ పగిలినా మీ సరుకు మీదే, మా సుంకం మాత్రం ఇంత అని వర్తకులకు మాట ఇచ్చాడు. సుంకం ఎంత? ముప్పైకి ఒకటి.

ఆయన చేసింది గమనించండి. సుంకం పూర్తిగా మాఫీ చెయ్యలేదు. ఇంత అని తేల్చి చెప్పాడు. వర్తకుడిని నిజంగా భయపెడుతున్నదేదో కనిపెట్టి దాన్ని తీసేశాడు. ఆ మాటను రాతి మీద చెక్కించాడు. గుడి దగ్గర, అందరూ చూసేచోట ఉంచాడు. వచ్చే వర్తకుడికీ తెలుసు, వసూలు చేసే అధికారికీ తెలుసు, ఊరివాళ్లకూ తెలుసు. అధికారి మారినా మాట మారదు.

నూరేళ్లు దాటాక రెడ్డిరాజుల కాలంలో, 1358లో, అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు. ఇక్కడ కాపురం పెట్టడానికి వచ్చే వర్తకులకు చోటిస్తామన్నాడు. వెళ్లాలనుకుంటే ఆపమన్నాడు. మగసంతానం లేకుండా చనిపోయినవాడి ఆస్తిని ప్రభుత్వం లాక్కునే పద్ధతి వాళ్లకు వర్తించదన్నాడు. అప్పటి పాలకులకు బాగా తెలుసు. వర్తకుడు తక్కువ పన్ను కంటే ఎక్కువగా కోరుకునేది నమ్మకం.

ఈనాటి వ్యాపారీ అంతే. చిన్న ఊళ్లో షెడ్డు వేసుకుందామనుకునే మనిషిని అడగండి. అనుమతి ఎప్పుడొస్తుందో తెలియదంటాడు. కరెంటు కనెక్షన్ కోసం ఎన్నిసార్లు తిరగాలో తెలియదంటాడు. భూమి పత్రాల్లో చిక్కు ఉందంటాడు. తెలంగాణ 2014లో టీఎస్ ఐపాస్ చట్టం తెచ్చింది. పెద్ద ప్రాజెక్టులకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు ఇవ్వాలని గడువు పెట్టింది. గడువు ఇవ్వడం వల్ల ఖజానాకు పైసా నష్టం లేదు. వ్యాపారికి మాత్రం అది పన్ను రాయితీ అంత విలువైనది.

ఇంకో విషయం. డబ్బు ఖర్చు పెట్టక తప్పదంటే, నేలలో ఉండిపోయే పనుల మీద పెట్టాలి. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ చూడండి. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం. 2019 ఆగస్టులో అమ్మకానికి చేసిన మొదటి కారు బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చెయ్యగలిగేలా కట్టిన ఫ్యాక్టరీ. వాన కరువైన సీమ అది. అక్కడికి అంత పెద్ద ఫ్యాక్టరీ రాగలిగిందంటే, హంద్రీ నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు దాకా రావడం ఒక కారణం. బెంగళూరు హైవే పక్కనే ఉంది. కియాకు ప్రభుత్వం ప్రత్యేక రాయితీలు కూడా ఇచ్చింది. వాటికి గడువుంటుంది. నీళ్లూ రోడ్డూ మాత్రం పెనుకొండకు శాశ్వతంగా ఉంటాయి.

మౌంట్ ప్లెజెంట్‌లో కూడా చివరికి పనికొచ్చింది అదే. ఫాక్స్‌కాన్ కోసం వేసిన నీటి పైపులు, కరెంటు లైన్లు, చదును చేసిన భూమి మిగిలాయి. వాటిని చూసి 2023లో మైక్రోసాఫ్ట్ అక్కడ భూమి తీసుకుంది. మరుసటి ఏడాది 330 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. డేటా సెంటర్‌లో ఫ్యాక్టరీలో ఉన్నన్ని ఉద్యోగాలు ఉండవు. ఆ తేడా మన వాళ్లు కూడా మనసులో పెట్టుకోవాలి. అయినా, నేలలో వేసిన డబ్బు ఊరిని ఆదుకుంది.

ఇక ఊళ్లో ఇప్పటికే ఉన్నవాళ్ల సంగతి. కొత్తగా వచ్చే పెద్ద కంపెనీ మీద మన దృష్టంతా ఉంటుంది. తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే చిన్న ఫ్యాక్టరీలున్నాయి. సిరిసిల్లలో మరమగ్గాలున్నాయి. చీరాలలో నేతపని ఉంది. వీళ్లు వేరే రాష్ట్రానికి పోతామని బెదిరించలేరు. వాళ్ల ఇల్లూ, చాకిరీ, అప్పూ అన్నీ ఇక్కడే. చిన్న పరిశ్రమలకు కూడా రాయితీలు ప్రకటిస్తారు. ఆ రాయితీ డబ్బు ఏళ్ల తరబడి బకాయి పడుతుంది. పెద్ద కంపెనీ ఆ ఆలస్యం భరించగలదు. పదిమందితో షెడ్డు నడిపే మనిషి బ్యాంకు వాయిదా కట్టలేక తాళం వేస్తాడు. ఇవ్వగలిగినంతే చెప్పాలి. చెప్పినంతా సమయానికి ఇవ్వాలి. కొత్త చుట్టానికి పీట వేసేముందు ఇంట్లోవాళ్లకు అన్నం పెట్టామా అని చూసుకోవాలి.

మరి రాయితీ నిర్ణయించేటప్పుడు ఊరి మాట ఎవరైనా అడుగుతారా? అమెరికాలో లూసియానా రాష్ట్రంలో దశాబ్దాలపాటు అడగలేదు. రాష్ట్ర రాజధానిలో ఒక బోర్డు కూర్చుని, ఊళ్లకూ బడులకూ రావాల్సిన ఆస్తి పన్నును కంపెనీలకు మాఫీ చేసేది. 2016లో అక్కడి గవర్నరు ఆ పద్ధతి మార్చారు. ఎవరి పన్ను పోతుందో వాళ్లు ఒప్పుకోవాలన్నారు. 2018లో ఆ రాష్ట్రంలోని బాటన్ రూజ్ నగరంలో పంతుళ్లు, పంతులమ్మలు ఈ మాఫీల మీదే పని మానడానికి తీర్మానించారు. బడికి రావలసిన డబ్బు చమురు కంపెనీకి ఎలా వదిలేస్తారని అడిగారు. 2019 జనవరిలో అక్కడి పాఠశాలల బోర్డు ఎక్సాన్ మొబిల్ అనే పెద్ద చమురు కంపెనీ అడిగిన మాఫీకి ఒప్పుకోలేదు. 2024లో కొత్త గవర్నరు ఆ నిబంధనలు మళ్లీ సడలించారు. ఒకసారి సంపాదించుకున్న హక్కు కాపాడుకోకపోతే చేజారుతుంది. అయినా ఆ బోర్డు సభ్యులు చూపించిన ధైర్యం చిన్నది కాదు. వాళ్లు పరిశ్రమ వద్దనలేదు. మా పిల్లల బడి డబ్బు మా మాట లేకుండా ఇవ్వొద్దన్నారు.

మన దగ్గర కూడా జరగాల్సింది ఇదే. రాయితీ ఇచ్చే జీవో రాష్ట్ర రాజధానిలో వస్తుంది. ఆ పరిశ్రమ వల్ల వచ్చే రద్దీ, నీటి వాడకం, అద్దెలు, చెత్త మాత్రం ఊరు మోస్తుంది. కాబట్టి మునిసిపల్ కౌన్సిల్లో, గ్రామసభలో ఆ ఒప్పందం మీద చర్చ జరగాలి. అది పెట్టుబడికి అడ్డు పడటం కాదు. ఊరంతా తెలిసి ఒప్పుకున్న కంపెనీకి రేపు గేటు ముందు ధర్నా ఉండదు. నిజంగా పని చేసుకోవడానికి వచ్చే వ్యాపారికి ఇంతకు మించిన భద్రత ఏముంది?

శ్రోతలారా, ఇంతసేపు చెప్పిందంతా నాలుగు ప్రశ్నలుగా మీ చేతిలో పెడతాను. మీ ఊరికి ఎప్పుడు పరిశ్రమ వచ్చినా ఈ నాలుగూ అడగండి.

ఒకటి. రాయితీ మొత్తం ఎంత, ఒక్కో ఉద్యోగానికి ఎంత పడుతోంది?

రెండు. ఉద్యోగం ఇచ్చాక రాయితీయా, రాయితీ ఇచ్చాక ఉద్యోగమా? మాట తప్పితే డబ్బు వెనక్కి వస్తుందా?

మూడు. ఎన్నేళ్లు? ఆ తర్వాత ఊరికి వచ్చే పన్ను ఎంత? కట్టినా కట్టకపోయినా కనీస పన్ను ఉందా?

నాలుగు. కంపెనీ రేపు వెళ్లిపోతే ఊళ్లో ఏం మిగులుతుంది? రోడ్డా, నీళ్లా, పని నేర్చిన పిల్లలా, అప్పా?

ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మీ వార్డు కౌన్సిలరును అడగండి. మీ సర్పంచిని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే 30 రోజుల్లో సమాధానం చెప్పాలి. ఆడపిల్లలకు ఉద్యోగాలు వస్తాయన్న ఊళ్లో పొదుపు సంఘాల మహిళలు అడగాలి. నిరుద్యోగి అయిన ప్రతి యువకుడూ అడగాలి, ఎందుకంటే అతని పేరు చెప్పే ఆ రాయితీ ఇస్తున్నారు.

పరిశ్రమలు రావాలి. మన చిన్న ఊళ్లకే రావాలి. వాటికి మనం చేయి అందిద్దాం. ఆ చేత్తోనే ఒప్పంద పత్రం కూడా అడిగి తీసుకుని చదువుదాం. ఈ వారంలోనే మీ ఊరి పారిశ్రామికవాడ నుంచి పంచాయతీకి ఎంత పన్ను వచ్చిందో కనుక్కోండి. అక్కడ మొదలుపెట్టండి.